పసుపెక్కిన హెడ్‌లైట్లు: రుద్దడం సగం పని, పూత మిగతా సగం

హెడ్‌లైట్ ముందుభాగాన్ని చెన్నై మెకానిక్ షెడ్డులోనైనా, నెల్లూరు మెకానిక్ షెడ్డులోనైనా అందరూ ‘గ్లాస్’ అనే అంటారు. ‘సార్, గ్లాస్ పసుపెక్కింది, మార్చేద్దామా?’ అన్న ప్రశ్న పదేళ్లు దాటిన ప్రతి కారు యజమానికీ ఏదో ఒక సర్వీసులో ఎదురవుతుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో ఆ మాట అక్షరాలా నిజం. ఆ గుండ్రని దీపాల ముందు ఉన్నది గాజే. రాయి తగిలితే పగిలేది గానీ, ముప్ఫై ఏళ్లు ఎండలో నిలబెట్టినా పసుపెక్కేది కాదు. ఇప్పటి కార్లలో ఆ చోట ఉన్నది పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. వస్తువు మారినా పేరు మారలేదు. ఇంట్లో చేసుకునే మరమ్మతుల్లో జరిగే పొరపాట్లలో చాలావాటికి ఈ పాత పేరే మూలమని చెప్పవచ్చు. గాజును రుద్దితే మెరుస్తుంది, అక్కడితో పని అయిపోతుంది. ప్లాస్టిక్ లెన్స్‌కు మాత్రం పైన కంటికి కనిపించని ఒక పూత ఉంటుంది. ఎండకు ముందు పాడయ్యేది ఆ పూత, మరమ్మతు పేరుతో తిరిగి వేయవలసిందీ ఆ పూతనే.

పాలికార్బొనేట్‌ను 1953లో జర్మనీలోని బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్ తయారుచేశాడు. దాదాపు అదే సమయంలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ కూడా వేరే దారిలో దాన్నే చేరాడు. కారు దీపంలోకి రావడానికి దానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. దీపం మొత్తం ఒకే మూసిన గాజు ముక్కగా ఉండాలని అమెరికాలో 1940 నుంచి అమలులో ఉన్న సీల్డ్ బీమ్ నిబంధన 1983లో సడలాక, 1984 మోడల్ లింకన్ మార్క్ సెవెన్ కారు బల్బు మార్చుకోగలిగే కొత్త రకం దీపాలతో వచ్చింది. ఆ తర్వాత గాజు వెనక్కి తగ్గడం ఆగలేదు. ప్లాస్టిక్ తేలిక, దెబ్బకు ఓర్చుకుంటుంది, బానెట్ వంపును అనుసరించి ఎలా కావాలంటే అలా అచ్చు పోయవచ్చు. దాని లోపాలు రెండే, కానీ రెండూ పెద్దవే: అది మెత్తన, కాబట్టి గీతలు పడతాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది ఆగదు. ఈ రెంటికీ విరుగుడుగా ఫ్యాక్టరీలో లెన్స్ మీద సిలికోన్ లేదా యాక్రిలిక్ జాతికి చెందిన గట్టి పూత వేస్తారు. లెన్స్ మందం దాదాపు 3 మిల్లీమీటర్లు ఉంటే ఈ పూత మందం పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ప్రాంతంలో, అంటే తల వెంట్రుక మందంలో చిన్న వంతుగా ఉంటుంది. లెన్స్ ఆయుష్షు మొత్తం ఆ వంతు మీదే ఆధారపడి ఉంది.

పూతలో కలిపిన రసాయనాలు అతినీలలోహిత కిరణాలను మింగి, వాటిని కింది ప్లాస్టిక్ వరకు పోనీయవు. మింగే పనిలో అవి కూడా ఏళ్ల తరబడి అరిగిపోతాయి. ఒక దశలో పూత పెళుసై సన్నని నెర్రెలు విచ్చుతుంది, ఆ నెర్రెల్లోకి తేమ చేరుతుంది, ఎండాకాలం వేడికీ వానాకాలం చల్లదనానికీ పూత ఒక తీరుగా, ప్లాస్టిక్ మరో తీరుగా సాగి ముడుచుకుంటాయి. ఆ లాగులాటలో పూత పొరలుగా లేస్తుంది. కప్పు పోయిన ప్లాస్టిక్ మీద ఎండ నేరుగా పడినప్పుడు దాని అణువుల గొలుసులు తెగి, ఆక్సిజన్‌తో కలిసి, పసుపు రంగు పదార్థాలుగా మారతాయి. ఇందులో ఒక మేలు దాగి ఉంది: పాలికార్బొనేట్ ఆ కిరణాలను తన పైపొరలోనే పీల్చుకుంటుంది కనుక పసుపు లోతుకు దిగదు. పైన కొన్ని పదుల మైక్రాన్లు గీసేస్తే కింద స్వచ్ఛమైన ప్లాస్టిక్ దొరుకుతుంది. ఇంట్లో ఎమరీ కాగితంతో ఈ పని సాధ్యం కావడానికి కారణం ఇదే.

అమెరికాలో ఈ ప్లాస్టిక్ పదార్థాలను ఆమోదించడానికి ముందు ఫ్లోరిడాలోనూ ఆరిజోనాలోనూ మూడేళ్లపాటు ఆరుబయట ఎండలో పెట్టి పరీక్షిస్తారు. ఒకటి ఉడికించే తేమ ఉన్న చోటు, రెండోది ఎండగట్టే ఎడారి. చెన్నై వాతావరణం మొదటిదానికి దగ్గర. పైగా 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న నగరం కావడం వల్ల ఇక్కడ సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు, ఏప్రిల్ నాలుగో వారంలోనూ ఆగస్టు మూడో వారంలోనూ, మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. లెన్స్‌ను కొరికేది మాత్రం వేడికంటే ముందు ఆ నిటారు కిరణాలే, ఆగస్టులో మబ్బు పట్టి చల్లగా అనిపించిన రోజున కూడా అవి మబ్బు దాటి వస్తూనే ఉంటాయి. బెంగళూరు చల్లని ఊరు కనుక అక్కడ ఈ బెడద తక్కువనుకునేవారికి ఒక మాట: సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లో అతినీలలోహిత కిరణాలు కొంచెం ఎక్కువే ఉంటాయి. చెన్నైకి అదనంగా ఉన్నవి ఉప్పుగాలి, తేమ, కారు కడిగేవాళ్లు బకెట్‌లో కలిపే బట్టల సబ్బుపొడి. పాలికార్బొనేట్‌కు క్షారం పడదు. రోజూ సబ్బుపొడి నీళ్లతో తుడిచిన లెన్స్ మీద పూత బలహీనపడే అవకాశం ఎక్కువ.

ఒకే కారుకు రెండు దీపాలూ ఒకే తీరున పసుపెక్కవన్నది చాలామంది గమనించని సంగతి. వేళచ్చేరి, అంబత్తూరు, పెరంబూరు ప్రాంతాల అపార్టుమెంట్లలో స్టిల్ట్ పార్కింగ్ (భవనం కింద స్తంభాల మధ్య ఉండే పార్కింగ్) అంచున నిలబెట్టిన కార్లను చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. కారు ముక్కు బయటికి పెట్టి, కుడివైపు స్తంభం నీడలో, ఎడమవైపు పడమటి ఎండలో ఉండేటట్టు ఏళ్ల తరబడి ఒకే చోట ఆపితే, ఎడమ దీపం ముదురు పసుపులోకి తిరుగుతుంది, కుడి దీపం పైఅంచున మాత్రమే మసకబారుతుంది. దీపం పైభాగం కింది భాగంకంటే ముందుగా పాడవడానికీ కారణం అదే. ఆకాశానికి ఎదురుగా ఉన్నది పైభాగమే. ఎండ తగలకుండా కారును తిప్పి ముక్కు లోపలికి పెట్టడం ఖర్చులేని జాగ్రత్త. గుడ్డ కవరు కూడా మంచిదే, అయితే గాలికి రెపరెపలాడే కవరు కింద దుమ్ము ఉంటే అది ఎమరీ కాగితంలాగే పనిచేస్తుంది.

మసక దీపం వల్ల వెలుగు తగ్గుతుందని అందరికీ తెలుసు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో ప్రకటించిన పరీక్షల ప్రకారం బాగా పసుపెక్కిన దీపాలు కొత్త దీపాల వెలుగులో 20 శాతం ప్రాంతంలోనే ఇచ్చాయి. అంతకంటే తక్కువగా చర్చకు వచ్చే విషయం, పోయిన వెలుగు ఎక్కడికి పోయిందన్నది. పసుపు రంగు కొంత వెలుగును మింగుతుంది. గరుకు ఉపరితలం మాత్రం మింగదు, చెదరగొడుతుంది. డిమ్‌లో ఉన్న దీపపు వెలుగుకు పైన ఒక గీత గీసినట్టు అంచు ఉండాలి. ఆ గీతకు కింద రోడ్డు, పైన ఎదుటివాళ్ల కళ్లు. మసక లెన్స్ ఆ గీతను చెరిపేసి, రోడ్డు మీద పడవలసిన వెలుగును ఎదుటివాళ్ల కళ్లలోకి చల్లుతుంది. సంక్రాంతికి రాత్రిపూట నెల్లూరు, ఒంగోలు వైపు జాతీయ రహదారి 16 మీద వెళ్లేటప్పుడు మధ్యలో డివైడర్ ఉంది కనుక ఇది అంతగా తెలియదు. డివైడర్ లేని దారుల్లో, వంపుల దగ్గర, మసక దీపాలున్న రెండు వాహనాలు ఎదురుపడితే ఎవరికీ రోడ్డు కనిపించదు, ఇద్దరికీ కళ్లు చెదురుతాయి. తన దీపం గుడ్డిది కనుక ఎదుటివారికి ఇబ్బంది లేదనుకోవడం తప్పు.

పనిలోకి దిగేముందు లోపం ఏ వైపు ఉందో తేల్చుకోవాలి. దీనికి పరికరమేమీ అక్కర్లేదు, నీళ్లు చాలు. పొడిగా ఉన్న లెన్స్ మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టి చూడాలి. తడిసినంతమేరా లెన్స్ తేటపడి, ఆరగానే మళ్లీ తెల్లబడితే లోపం బయటి ఉపరితలంలో ఉంది, రుద్దితే పోతుంది. తడిపినా మసక అలాగే ఉంటే అది లోపలి వైపుది: తేమ చేరి ఆరిన మరకలు, బల్బు వేడికి లోపలి భాగాలు వదిలిన ఆవిరి పేరుకున్న పొర, లేదా వెనక వెండి రంగు రిఫ్లెక్టర్ మాడి నల్లబడటం. వీటిలో దేన్నీ బయటినుంచి రుద్ది బాగుచేయలేరు. నీళ్ల పరీక్ష ఎందుకు పనిచేస్తుందో గుర్తుపెట్టుకోవడం మంచిది, ఎందుకంటే తర్వాత చేయబోయే పని అంతా ఆ సూత్రం మీదే నడుస్తుంది. వెలుగును ఒక పదార్థం ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం గాలికి 1, నీటికి 1.33, పాలికార్బొనేట్‌కు 1.58. ఈ అంకెల మధ్య తేడా ఎంత ఎక్కువైతే గరుకు అంత తెల్లగా కనిపిస్తుంది. గీతల్లో గాలి బదులు నీరు నిండితే తేడా సగానికి దగ్గరగా తగ్గుతుంది, మసక కూడా తగ్గుతుంది.

ఇంటి చిట్కాల్లో చాలావాటి గుట్టు ఇదే. కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే, టైర్లకు పూసే మెరుపు ద్రవం, ఏది పూసినా గీతల్లో గాలి స్థానంలో నూనె చేరి లెన్స్ ఒక్కసారిగా తేటపడుతుంది. వీడియో తీయడానికి అంత సేపు చాలు. రెండు వానలకో నాలుగు కడుగులకో నూనె పోతుంది, మసక తిరిగి వస్తుంది. టూత్‌పేస్ట్ వీటికంటే కొంత నిజాయతీ గల చిట్కా. అందులో సిలికా, కాల్షియం కార్బొనేట్ వంటి మెత్తని రాపిడి పొడులు ఉంటాయి కనుక పైపైని ఆక్సీకరణను అది నిజంగానే గీస్తుంది. కానీ పెళుసెక్కి ఊడిపోతున్న పూతను తీసే శక్తి దానికి లేదు, తీసినచోట కొత్త పూత వేసే గుణం అసలే లేదు. ఫలితంగా మిగిలిన కాస్త పూతను కూడా పలచన చేసి, ప్లాస్టిక్‌ను ఎండకు అప్పగించినట్టవుతుంది. చెన్నై ఎండలో అటువంటి దీపం కొద్ది నెలల్లోనే తిరిగి పసుపెక్కుతుంది.

మరో రెండు చిట్కాలు నష్టం చేసేవి. దోమలకు ఒంటికి రాసుకునే డీట్ ఉన్న ద్రవంతో తుడిస్తే లెన్స్ మెరుస్తుందన్న మాట ప్రచారంలో ఉంది. అది మెరవడం కాదు, కరగడం. డీట్ చాలా ప్లాస్టిక్‌లను మెత్తబరిచినట్టే పాలికార్బొనేట్‌ను కూడా మెత్తబరుస్తుంది, ఆ ద్రవం కారి బంపర్ పెయింటు మీద పడితే అక్కడా మచ్చ వేస్తుంది. రెండోది, మూతికి గొట్టం ఉన్న చిన్న కప్పులో ద్రవం పోసి, కరెంటుతో వేడిచేసి, వచ్చే ఆవిరిని లెన్స్ మీదికి పట్టించే పద్ధతి. కంటి ముందే, నిమిషాల్లో, తెల్లని లెన్స్ గాజులా మారుతుంది కనుక దీనికి ఆకర్షణ ఎక్కువ. ఆ ద్రవం సాధారణంగా డైక్లోరోమీథేన్ లేదా క్లోరోఫాం జాతిది. పాలికార్బొనేట్‌ను కరిగించే ద్రావణి. పైపొర కరిగి, చదునై, తిరిగి గట్టిపడుతుంది. ఆ గట్టిపడటంలో ఉపరితలంలో ఒత్తిడి చిక్కుకుపోయి, తర్వాత సాలెగూడు లాంటి పగుళ్లు బయటపడే ప్రమాదం ఉంది; అవి రుద్దితే పోయేవి కావు. ఆవిరి పీల్చడం ఆరోగ్యానికి చేసే హాని వేరే లెక్క. పిల్లలు తిరిగే కారు పార్కింగ్‌లో చేయదగిన పని కాదిది.

ఇక అసలు పని. కావలసినవి పెయింట్ సామాన్ల దుకాణంలో దొరికే నీళ్ల ఎమరీ కాగితాలు, మంచి మాస్కింగ్ టేపు, బకెట్ నీళ్లలో రెండు చుక్కల షాంపూ, చేతికి పట్టు ఇచ్చే చిన్న రబ్బరు దిమ్మ. లెన్స్ చుట్టూ బంపర్, ఫెండర్, బానెట్ అంచులను రెండు మూడు వరసల టేపుతో కప్పడం బద్ధకించే పని అయినా, ఎమరీ ఒక్కసారి జారితే పెయింటు మీద పడే గీతకు అయ్యే ఖర్చు ఈ పని మొత్తానికయ్యే ఖర్చుకంటే ఎక్కువ. కాగితం నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది: 400 నంబరు రేణువు సగటున 35 మైక్రాన్లు, 1000 నంబరుది 18, 2000 నంబరుది 10. కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం అర మైక్రాన్ చుట్టుపక్కల ఉంటుంది. అంటే 2000 కాగితం చేతికి పట్టుబట్టలా తగిలినా, వెలుగు దృష్టిలో అది గీసిన గీతలు ఇంకా గోతులే. కాగితం ఒక్కటే గాజు మెరుపు ఇవ్వకపోవడానికి కారణం ఇది. చివర కాంపౌండ్‌తో, అంటే సన్నని రాపిడి పొడి ఉన్న ముద్దతో, పాలిష్ అయినా కావాలి, గీతలను నింపే పూత అయినా కావాలి.

పూత పొరలుగా లేచి, పసుపు ముదిరిన లెన్స్‌కు 600తో, మరీ మొండిదైతే 400తో మొదలుపెట్టాలి. తేలికపాటి మసకకు 1000 చాలు. మొదటి కాగితం దగ్గరే పని అంతా ఉంది, చాలామంది తొందరపడేదీ అక్కడే. రుద్దుతున్నప్పుడు కారే నీళ్లను గమనిస్తే ఎంతవరకు వచ్చారో తెలుస్తుంది. మొదట్లో ఆ నీళ్లు మురికి పసుపుగా, చేతికి జిగటగా ఉంటాయి. పాత పూత, పాడైన ప్లాస్టిక్ కలిసి వస్తున్నాయన్నమాట. కొంతసేపటికి బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడతాయి, కాగితం జారే తీరు కూడా మారి, అంతటా ఒకే రకమైన పట్టు దొరుకుతుంది. అప్పుడు లెన్స్‌ను తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పక్కనుంచి టార్చి వేసి చూడాలి. ఏకరీతి తెలుపు మధ్య అంచులు తేలిన దీవుల్లా మెరిసే మచ్చలు కనిపిస్తే అక్కడ పాత పూత ఇంకా ఉంది. ఆ దీవులను వదిలేసి సన్న కాగితాలకు వెళితే చివర ఎంత పాలిష్ చేసినా అవి మరకలుగా తేలుతాయి. తెల్లగా, దేనికీ పనికిరానట్టు తయారైన లెన్స్‌ను చూసి ఈ దశలో గుండె జారడం సహజం. పని సరిగా జరుగుతోందనడానికి గుర్తు అదే.

ఆ తర్వాత 800, 1000, 1500, 2000, 3000 అంటూ పైకి వెళ్లాలి; ఎక్కడ ఆపాలన్నది పైన వేసే పూతను బట్టి ఉంటుంది, ఆ సంగతి కింద ఉంది. ఒక కాగితంతో అడ్డంగా రుద్దితే తర్వాతి కాగితంతో నిలువుగా రుద్దడం పాత పెయింటర్ల అలవాటు, మంచి అలవాటు: వెనకటి కాగితం గీతలు పూర్తిగా చెరిగాయో లేదో దిక్కును బట్టి తెలిసిపోతుంది. ప్రతి కాగితానికీ నీళ్లు మార్చాలి. 600 నుంచి రాలిన ఒక్క రేణువు 2000 కాగితం కింద చిక్కితే పది నిమిషాల పని వృథా. డ్రిల్ మిషన్‌కు బఫింగ్ ప్యాడ్ తగిలించుకునేవారు ఒకే చోట నిలపకూడదు. పాలికార్బొనేట్ 147 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడుతుంది, పొడి ప్యాడ్ రాపిడికి ఆ వేడి పుట్టడం కష్టమేమీ కాదు. అలా కాలిన చోట లెన్స్ మీద అలల్లాంటి మచ్చ మిగిలిపోతుంది.

ఎంతవరకు రుద్దాలన్నది పైన ఏమి వేయబోతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ ఒక్క ముక్క ముందే తేల్చుకోకపోవడం వల్ల మంచి చేతిపని కూడా పాడవుతుంది. పైన స్ప్రే క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పెయింటు పూత) వేసేటట్టయితే 3000 వరకు వెళ్లడం శ్రమ వృథా మాత్రమే కాదు, హాని కూడా. క్లియర్ కోట్ వక్రీభవన గుణకం 1.5 ప్రాంతంలో ఉంటుంది, పాలికార్బొనేట్‌కు చాలా దగ్గర. నీళ్ల పరీక్షలో నీరు చేసిన పనినే అది శాశ్వతంగా, ఇంకా బాగా చేస్తుంది. 800 లేదా 1000 దగ్గర ఆపిన పాల రంగు లెన్స్ మొదటి తడి పూత పడగానే గాజులా మారడం చూడవలసిన దృశ్యం. పైగా పూత అతుక్కోవడానికి ఆ కాస్త గరుకు కావాలి. అద్దంలా పాలిష్ చేసిన ప్లాస్టిక్ మీద వేసిన క్లియర్ కోట్ ఏడాది తిరక్కుండానే అంచుల దగ్గర చెక్కుల్లా లేస్తుంది. అదే మైనమో, సీలెంటో, చేత్తో తుడిచే పలచని పూతో వేసేటట్టయితే అవి గీతలను పెద్దగా నింపవు, కనుక 3000 వరకు వెళ్లి, కాంపౌండ్‌తో పూర్తి మెరుపు తెచ్చాకే వాటి జోలికి వెళ్లాలి.

పూతల్లో అన్నిటికంటే మన్నికైనది గట్టిపడే ద్రవం కలిపి వాడే, అంటే రెండు భాగాలుగా వచ్చే, టూ-కే రకం పాలియురెథేన్ క్లియర్ కోట్, కార్ల పెయింటు మీద వేసే జాతిదే. అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం ఉన్నట్టు డబ్బా మీద రాసి ఉండాలి. దీనితో చిక్కు ఏమిటంటే ఆ గట్టిపడే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. పెయింటు షెడ్లలో పనిచేసేవారికి ఉబ్బసం తెచ్చే పదార్థాలుగా అవి పేరుపొందాయి. ముక్కుకు కట్టుకునే గుడ్డ, దుమ్ము మాస్కు వాటిని ఆపవు. కాబట్టి లెన్స్‌ను ఇంట్లో రుద్ది, పూతను మాత్రం స్ప్రే బూత్ ఉన్న పెయింటు షెడ్డులో వేయించుకోవడం తెలివైన పద్ధతి. షెడ్డువాళ్లకు అది పావుగంట పని, వేరే కారుకు క్లియర్ కోట్ కొడుతున్నప్పుడు దీన్నీ కొట్టేస్తారు. మొదటి కోటు మంచులా పలచగా పడాలి. ఒకేసారి తడిపేస్తే ద్రావణి ప్లాస్టిక్‌ను కొరికి సన్నని పగుళ్లు తెస్తుంది. పూతకు ముందు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి గానీ, షెడ్డులో చేతికి అందే థిన్నర్ గుడ్డను లెన్స్ దగ్గరికి రానీయకూడదు.

చెన్నై తేమకు ఇక్కడ పెద్ద పాత్ర ఉంది. ద్రావణి ఆవిరవుతూ లెన్స్‌ను చల్లబరుస్తుంది, చల్లబడిన చోట గాలిలోని తేమ చేరి పూత పొగ పట్టినట్టు తెల్లబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సాగే ఈశాన్య రుతుపవనాల కాలంలో ఈ పని పెట్టుకోవడం చేజేతులా కష్టం తెచ్చుకోవడమే. సంక్రాంతి దాటాక మార్చి వరకు, పొద్దున మంచు ఆరిన తర్వాత మధ్యాహ్నం ఎండ ముదిరేలోపు, అన్నిటికంటే అనువైన వేళ.

స్ప్రే కుదరని అపార్టుమెంటు వాసులకు పారదర్శకమైన పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ మంచి మార్గం, మిగతావాటికంటే మెరుగైనదని కూడా అనవచ్చు. షాంపూ నీళ్లు చల్లి, ఫిల్మ్ పరిచి, రబ్బరు పట్టీతో నీళ్లు బయటికి నెట్టి, అంచులు కత్తిరించడమే పని. వెనక ఉన్న జిగురు సన్నని గీతలను నింపుతుంది కనుక 2000 వరకు రుద్దితే చాలు. కొన్నేళ్లకు ఫిల్మ్ పసుపెక్కితే ఊడదీసి కొత్తది అంటించుకోవచ్చు, లెన్స్ జోలికి వెళ్లనక్కర్లేదు. నల్లని, రంగురంగుల ఫిల్ములు మాత్రం దీపం వెలుగును తగ్గిస్తాయి, పోలీసుల దృష్టిలోనూ పడతాయి. మైనం అన్నిటికంటే చవక, అన్నిటికంటే అల్పాయుష్షు. చెన్నైలో నెలకోసారి పూయగలిగేవారికే అది మార్గం. చెక్క తలుపులకు వేసే వార్నిష్‌ను పలచన చేసి పూసేవారూ ఉన్నారు. కిరణాలను ఆపే గుణం లేని వార్నిష్ తానే పసుపెక్కి, దాన్ని తీసే పని కొత్తగా తగిలిస్తుంది.

ఇంత చేసినా దీపం కొత్తదానితో సమానం కాదు. ముందు చెప్పిన అమెరికన్ పరీక్షల్లోనే, బాగుచేసిన దీపాల వెలుగు కొత్తవాటిలో 70 శాతం ప్రాంతానికి చేరింది. 20 నుంచి 70కి రావడం చిన్న విషయం కాదు, కానీ 70ని నూరు అనుకోకూడదు. లోపల రిఫ్లెక్టర్ మాడినా, లెన్స్ లోతుగా నెర్రెలు విచ్చినా, ఒకసారి ఆవిరి పట్టించిన లెన్స్ అయినా, శ్రమ మానుకుని దీపం మార్చడమే మేలు. చెన్నైలో కొత్త దీపానికి జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాతదానికి పుదుపేట అని తెలియనివారుండరు. పుదుపేటలో కొనేవారు లెన్స్ మెరుపును చూసి మోసపోకూడదు. అమ్మకానికి ముందు దాన్ని కూడా ఎవరో రుద్ది, నూనె పూసి ఉండవచ్చు. తడిగుడ్డకు సబ్బు అంటించి ఒక మూల తుడిచి, ఆరాక చూస్తే సంగతి బయటపడుతుంది. వెలుగును లెన్సే పంచే పాత రకం దీపాల్లో నిలువు గాడులు బయటి వైపున అచ్చు పోసి ఉంటే వాటిని గట్టిగా రుద్దడం తగదు; గాడులు అరిగితే వెలుగు పడే తీరే మారిపోతుంది.

వెనక దీపాలది వేరే కథ. అవి ఎక్కువగా యాక్రిలిక్‌తో చేసినవి. ఎండకు బాగా ఆగుతాయి, పసుపెక్కవు, కానీ బైకుల హ్యాండిళ్లు రాసుకుపోయిన గీతలు మాత్రం పడతాయి. 1500 కాగితం, కాంపౌండ్ చాలు, పూత గొడవ లేదు. యాక్రిలిక్‌ను ఆల్కహాల్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు రావచ్చు కనుక వీటికి సబ్బునీళ్లే వాడాలి.

పని పూర్తయిన రోజు రాత్రి పార్కింగ్‌లో చదునైన చోట, గోడకు పది మీటర్ల దూరంలో కారు నిలిపి, దీపాల మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తున మాస్కింగ్ టేపు అంటించి, డిమ్ లైటు వేసి చూడాలి. మసక రోజుల్లో గోడమీద ఆవిరిలా పరుచుకున్న వెలుగు ఇప్పుడు పదునైన అంచుతో, ఎడమవైపు కొంచెం పైకి ఎగసిన గీతగా కనిపించాలి. ఆ గీత టేపుకు దాదాపు పది సెంటీమీటర్లు కింద ఉంటే సరిపోతుంది. చాలా పాత కార్లలో అది టేపుకు పైన ఉంటుంది. దీపం గుడ్డిదైన రోజుల్లో రోడ్డు కనిపించడం లేదని చెబితే ఏదో ఒక షెడ్డులో స్క్రూ తిప్పి వెలుగును పైకి లేపి ఉంటారు, లేదా 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వాట్లది బిగించి ఉంటారు. లెన్స్ తేటపడ్డాక ఆ రెండూ ఎదుటివాళ్ల కళ్లకు నేరుగా తగులుతాయి. బల్బును తిరిగి పాత కొలతకు మార్చి, దీపం వెనక ఉన్న స్క్రూను స్టార్ స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పుతూ, గోడ మీది గీత టేపు కిందికి దిగేదాకా సర్దాలి. రెండో దీపాన్ని గుడ్డతో కప్పి ఒక్కోదాన్ని విడివిడిగా చూడాలి.